సొసైటీ కంప్యూటర్ తుక్కు కాదు

కొత్తవాడ, వరంగల్
18 అక్టోబర్ 2025

బాలరాజూ,

దీవెనలు ముందే ఇచ్చేస్తున్నాను, ఎందుకంటే తర్వాత రాసేదంతా కోపమే. నువ్వు, సుగుణ, పిల్లలు చల్లగా ఉండండి. నీ ఫోన్‌కు పదిసార్లు చేశాను. నువ్వు పాఠాలు చెప్పే హాస్టల్ బడి ములుగు దాటి అడవిలో ఉందని, బడి వెనక గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ దొరకదని తెలిసీ చేశాను చూడు, అది నా తప్పు. అందుకే ఉత్తరం. ఎట్లాగూ నువ్వు నాకు ఒక పెన్ డ్రైవ్ కవర్లో పెట్టి పంపాలి.

సంగతి ఇది. మా జంపఖానాల సొసైటీలో నేను కూర్చునే డిజైన్ల కంప్యూటర్ ఉంది కదా, పదకొండేళ్ళ నాటిది. అందులో ఉన్న విండోస్ పదికి ఇక అప్‌డేట్లు రావని తెర మీద రాసి వచ్చింది. పదకొండుకు మారదామంటే ఈ మిషన్ సరిపోదంటుంది. దానికి తోడు పొద్దున స్విచ్ వేస్తే నేను చాయ్ తాగి గ్లాసు కడిగి వచ్చేదాకా లేవదు. మా కార్యదర్శి రమాకాంత్, నీతో పాటు ఒకే క్లాసులో చదివినవాడే, వచ్చి దాని నెత్తి మీద తట్టి ఏమన్నాడో తెలుసా?

"ఇగ ఇది తుక్కే అక్కా. డిజైన్ల పని హైదరాబాద్ల ఒక కంపెనీ చేస్తానంటాంది. గ్రాఫులు వాళ్ళే పంపుతరు. నువ్వు ఇంటికాడ జర రెస్ట్ తీస్కో. ఎన్నేండ్లని చేస్తవ్?"

నాకు నలభై ఏడేళ్ళు. రెస్ట్ కావాలని నేనెప్పుడూ దరఖాస్తు పెట్టుకోలేదు. డిసెంబర్ 21న సభ్యుల మీటింగ్‌లో తీర్మానం పెడతాడట. ఆ రోజు లోపల ఈ మిషన్ మళ్ళీ సరిగ్గా నడవకపోతే నా కుర్చీ పోయినట్టే. మీటింగ్‌లో వాళ్ళకు చెప్పడానికి కారణం దొరికింది, అంతే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

కంప్యూటర్ షాపు నవీన్‌ను పిలిచి చూపించాను. "విండోస్ బదులు లినక్స్ అని ఉంటది మేడమ్, ఫ్రీ. పాత మిషన్ల మీద మంచిగ నడుస్తది. గానీ ఆడోళ్ళకు కష్టం" అన్నాడు. ఆ చివరి మాట అనకపోతే నేను కొత్తది కొనమని సొసైటీని అడిగేదాన్నేమో. ఇప్పుడు అడగను.

నీ బడిలో పన్నెండు పాత మిషన్లు దాని మీదే నడుస్తున్నాయని ఎప్పుడో చెప్పావు. లినక్స్‌లో చాలా రకాలుంటాయట. ఏవి ఉన్నాయి, దేన్ని ఎట్లా చూసి ఎంచుకోవాలి, రాయి. ర్యామ్ నాలుగు జీబీ. నాకు ఒక్కటే ముఖ్యం, తెర మీద ఏదీ తడబడకూడదు.

కోపం నీ మీద కాదు, ఇప్పటిదాకా.
అక్క, వాసంతి


హాస్టల్ బడి, ములుగు జిల్లా
27 అక్టోబర్ 2025

అక్కా,

దండాలు. నీ ఉత్తరం మొన్న జీపు డ్రైవర్ తెచ్చి ఇచ్చాడు. చదివి నవ్వాను, నవ్వినందుకు తిట్టకు. ఇక్కడ మేమంతా బాగున్నాం. జనవరిలో మేడారం జాతర కదా, ఇప్పటినుంచే రోడ్డు పనులు మొదలయ్యాయి. లారీల దుమ్ముకు మా లాబ్ కిటికీలు తెరవడం మానేశాం. పిల్లలు కీబోర్డు మీద దుమ్ములో పేర్లు రాస్తున్నారు.

నువ్వు రకాలూ ఎంపికలూ అని తల పగలగొట్టుకోకు. వందల రకాలుంటాయి. వాటి పేర్లు తెలుసుకుంటూ కూర్చుంటే జాతర కూడా అయిపోతుంది. నేనే ఒకటి ఎంచి, నీ కోసం అన్నీ సర్ది, ఈ పెన్ డ్రైవ్‌లో ఎక్కించాను. నీ ఫైళ్ళన్నీ ముందు వేరే చోట దాచుకో. తర్వాత దీన్ని పెట్టి, స్విచ్ వేసి, ఎఫ్-12 నొక్కి, అడిగిన ప్రతిచోటా 'అవును' అను. ఇంకేమీ ముట్టుకోవద్దు.

బొమ్మలు పెద్దవి పెట్టాను, నీ అద్దాలు గుర్తొచ్చి. తడబడకూడదన్నావని తెర మెత్తగా జారేలా పెట్టాను. మౌస్ చక్రాన్ని ఒకసారి తిప్పితే పేజీ దానంతట అదే హాయిగా జారుకుంటూ పోయి మెల్లగా ఆగుతుంది. మా పిల్లలు దాన్ని చూడటానికే పదిసార్లు తిప్పుతారు. నువ్వు బిల్లులు టైపు చేసుకోవడానికి, గ్రాఫులు ప్రింట్ తీయడానికి ఇది ఎక్కువే.

ఒక మాట చెప్పనా, తిట్టవు కదా? రమాకాంత్ అన్నదాంట్లో చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు. ముప్పై ఏళ్ళు కష్టపడ్డావు. ఎందుకక్కా ఈ గొడవ?

నీ తమ్ముడు,
బాలరాజు


కొత్తవాడ
12 నవంబర్ 2025

బాలరాజూ,

పిల్లలకు దీవెనలు. నీకు తర్వాత చూస్తాను.

నీ పెన్ డ్రైవ్ పెట్టాను. 'అవును' 'అవును' అనుకుంటూ పోయాను. ఎక్కింది. అందంగా ఉంది, కాదనను. తెర మీద కిటికీలు మూస్తే పొగలాగా కరిగిపోతున్నాయి. మొదటి రోజు సొసైటీలో అందరూ వచ్చి చూసి పోయారు. రెండో రోజు ఏం జరిగిందో విను.

మా దగ్గర గ్రాఫు కాగితం మీద ఉండదు. ఎక్సెల్ లాంటి గళ్ళ పట్టికలో ఉంటుంది. ఒక్కో వరస గళ్ళు ఒక్కో వరస నేత. తెరను పొడుగు వైరుతో మగ్గం ముందు పెట్టుకున్నాం. మా సొసైటీలో పెద్ద నేతగత్తె చిలుకమ్మ మగ్గం మీద కూర్చుని కింది వరస నుంచి పైకి చదువుతుంది, "నలుపు ఆరు, ఎరుపు రెండు, తెలుపు ఆరు" అని. పక్కన కూర్చున్నామె వింటూ నేస్తుంది. రెండు చేతుల నిండా నూలు ఉంటుంది కాబట్టి చిలుకమ్మ చిటికెన వేలితో మౌస్ చక్రాన్ని ఒక్క మెట్టు తిప్పుతుంది. ఒక మెట్టుకు ఒక వరస. పాత సిస్టమ్‌లో అట్లా నేనే పెట్టుకున్నాను. కీబోర్డు పెట్టి చూశాం, నెల తిరగకుండా నూలు నూగు నిండి చచ్చిపోయింది.

నీ తెర జారింది. చిలుకమ్మ ఒక మెట్టు తిప్పితే అది హాయిగా, మెల్లగా, నువ్వు రాసినట్టే, మూడు వరసలు దాటి ఆగింది. ఆమె కళ్ళు వరసను వెతుక్కునే లోపల నోరు చదివేసింది. రెండు వరసలు ఎగిరిపోయాయి. ఇంకో ఇరవై వరసలు నేసిన తర్వాత గానీ అంచు మూల కలవడం లేదని కనబడలేదు. ఢిల్లీకి పోయే ఆర్డర్ అది. నేసినదంతా విప్పారు. రెండు రోజుల పని.

చిలుకమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "నా కండ్లు పొయినయేమో బిడ్డా" అంది. ఆమె కళ్ళు బాగానే ఉన్నాయి.

రమాకాంత్ వచ్చి విప్పిన నూలు కుప్పను ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు, మీటింగ్‌లో చూపించడానికి. పైగా, "నేనొక్కన్నే కాదు అక్కా, మీ తమ్ముడు గూడ గిదే అన్నడు, అక్క అలిసిపోయింది, ఆమెకు గీ పని ఇగ వద్దని" అన్నాడు.

నువ్వు నా తమ్ముడివా, వాడి తమ్ముడివా? అది రాయి ముందు.

వాసంతి


హాస్టల్ బడి
19 నవంబర్ 2025

అక్కా,

దండం పెట్టి రాస్తున్నాను. ఉత్తరం చివర 'అక్క' అని రాయకపోవడం ఇదే మొదటిసారి. రెండుసార్లు చూసుకున్నాను.

రమాకాంత్ ములుగులో ఒక పెళ్ళిలో కలిశాడు. "అక్క ఎట్లున్నది?" అంటే "అలిసిపోయినట్టుంది, ఎందుకంత కష్టపడుతదో" అన్నాను. తమ్ముడు అనకూడని మాటా అది? పని వద్దని నేననలేదు. వాడు నా మాటకు తోక అతికించాడు.

జారుడు సంగతి నాకు తెలియదు. పిల్లలకు పెట్టినట్టే నీకూ పెట్టాను. చిలుకమ్మ పెద్దమ్మకు నా తరఫున క్షమించమని చెప్పు. కానీ ఒకటి అడుగుతాను, బిల్లులు టైపు చేసుకునే మిషన్‌ను మగ్గం ముందుకు ఎవరు తీసుకుపోమన్నారు? గ్రాఫులు ప్రింట్ తీసి ఇస్తే సరిపోయేది కదా. ఆ కంపెనీ అయినా అదే చేస్తుంది.

సరే, అయిందేదో అయింది. ఈ నెల 30, ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. రోజంతా కూర్చుని నేనే అంతా సరిచేసి పోతాను. నువ్వు పక్కన కూర్చుని ఎట్లా కావాలో చెప్పు, చాలు. మధ్యాహ్నం నీ చేతి పచ్చిపులుసు ఉంటే చాలు.

నీ తమ్ముడే,
బాలరాజు


కొత్తవాడ
24 నవంబర్ 2025

బాలరాజూ,

రావద్దు. పచ్చిపులుసు తినడానికి ఎప్పుడైనా రా. కంప్యూటర్ ముట్టడానికి రావద్దు.

నీ ఉత్తరం చదివాక నాకు కోపం రాలేదు, అది అసలు సంగతి. సిగ్గేసింది. పదకొండేళ్ళ నుంచి నేను ఏం పని చేస్తున్నానో నా సొంత తమ్ముడికి తెలియదు. బిల్లులు! నేను బిల్లులు టైపు చేయను బాలరాజూ. ఆ గ్రాఫులు ఎవరో గీసి పంపితే ప్రింట్ తీసే మనిషిని కాను. గీసేది నేను. మీ ఇంట్లో మంచం మీద పరిచిన జంపఖానా ఉంది కదా, నాలుగు మూలలా మామిడి పిందెలు ఉన్నది? వంద వరసల్లో ఆ పింద వంపు ఎట్లా తిరగాలో నెల రోజులు గీసి చెరిపి గీసి తేల్చాను. దాని మీద పడుకుని నువ్వు అక్క అలసిపోయింది అంటున్నావు.

ఇది ఇప్పటి మాట కాదు. పదో తరగతిలో నాకు ఫస్ట్ క్లాస్ వచ్చింది. నాయిన, "ఆడివిల్లకు మగ్గం చాలు" అన్నాడు. ఆయన పోయాడు, ఆయనను ఏమీ అనను. నువ్వు డిప్లొమాలో చేరావు. నీ రికార్డు పుస్తకంలో ఫ్లోచార్టులన్నీ ఎవరు గీశారు? నీకు గీతలు వంకర పోతాయని నేను గీశాను, మగ్గం దిగి వచ్చి, చేతులకు రంగు ఉంటే కడుక్కుని మరీ. అవునా కాదా అని అడిగే ఆ గుర్తులన్నీ గీస్తూ గీస్తూనే నాకు కంప్యూటర్ అర్థమైంది. మార్కులు నీకు వచ్చాయి, సంతోషమే. కానీ ఇప్పుడు వచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టి నువ్వు చేస్తావా?

నాకు కావలసింది ఇది. నాలుగు పెన్ డ్రైవ్‌లు. నాలుగింటిలో నాలుగు రకాలు. నువ్వు ఒక్కదాన్నీ సర్దకూడదు, బొమ్మలు పెద్దవి చేయకూడదు, జారించకూడదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు పంపు. ఎంచుకునేది నేను. చెడిపోతే చెడగొట్టుకునేదీ నేనే.

మీటింగ్‌కు ఇంకా నాలుగు వారాలు కూడా లేవు.
అక్క, వాసంతి


హాస్టల్ బడి
30 నవంబర్ 2025

అక్కా,

నాలుగూ పంపుతున్నాను. ఒకదానిలో ఉబుంటు, ఒకదానిలో ఫెడోరా, మూడోదాంట్లో మింట్, నాలుగోదాంట్లో డెబియన్. చివరి రెండూ తేలిక డెస్క్‌టాప్‌తో ఉన్నవి. ఏదీ సర్దలేదు, ఒట్టు.

వీటిని వెంటనే ఎక్కించనక్కర్లేదు. పెన్ డ్రైవ్ మీదనే నడిపించి చూసుకోవచ్చు. అట్లా నడిపితే కొంచెం నెమ్మదిగా ఉంటాయి, దాన్ని బట్టి తీసేయకు. నచ్చినదాన్ని తర్వాత లోపలికి ఎక్కించు. ఎక్కించే ముందు ఫైళ్ళు రెండు చోట్ల దాచు, ఒక చోట కాదు.

రికార్డు పుస్తకం మాట నిజమే. దాన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నిన్న సుగుణకు చెప్పాను. ఆమె ఆ జంపఖానాను మంచం మీద నుంచి తీసి గోడకు కట్టించింది. ఇప్పుడు నేను చాప మీద పడుకుంటున్నాను.

బాలరాజు


కొత్తవాడ
11 డిసెంబర్ 2025

తమ్ముడూ,

ఈ ఉత్తరం చేత్తో రాసింది కాదని చూశావు కదా. కొత్త సిస్టమ్‌లో టైపు చేసి, మా పాత ప్రింటర్‌లో తీశాను. ప్రింటర్‌ను అదే పట్టుకుంది, డ్రైవర్ సీడీ అని వెతికే పని లేకపోయింది. సుగుణకు నా ముద్దులు. ఆమెను తమ్ముడి కంటే ముందు తెచ్చుకోవలసింది మేము.

నీ పెన్ డ్రైవ్‌లు నాలుగూ ఒకే రకంగా ఉంటే ఏది ఏదో గుర్తుండదని నాలుగు రంగుల నూలు పోగులు కట్టాను. నాలుగు రోజులు సొసైటీ మూసే ముందు గంట సేపు ఒక్కోదాన్నీ నడిపాం. పరీక్ష పెట్టింది చిలుకమ్మ. పేర్లు ఆమెకు చెప్పలేదు. "పచ్చపోగుది", "ఎర్రపోగుది" అనుకున్నాం. తెర ముందు కూర్చుని వంద వరసలు చదవాలి, నేను కాగితం మీద సరిచూడాలి. తప్పు పోతే గీత పెట్టాలి.

ఉబుంటు, ఫెడోరా మంచివే, కాకపోతే మా నాలుగు జీబీలో ఇరుకు పడ్డాయి. పెద్ద సంసారం చిన్న ఇంట్లో దిగినట్టు. డెబియన్ తేలికగా, మాట తక్కువ పని ఎక్కువ అన్నట్టు ఉంది. మింట్ తేలికగానే ఉంది, పైగా నాకు కావలసినవి వెతకకుండా చేతికి దొరికాయి. చివరికి ఆ రెండింటి మధ్యే పోటీ. తేల్చుకోలేక చిలుకమ్మను అడిగితే, "నాకు రెండూ ఒక్కతీర్గనే అవుపడ్తానయ్. పొద్దుగాల నువ్వు తిట్టుకోకుండ తెరిచేది ఏదో గదే పెట్టు" అంది. మింట్ పెట్టాను, అదే ఎర్రపోగుది.

చక్రం సంగతి మాత్రం ఏదీ సొంతంగా తీర్చలేదు. ఒక మెట్టు తిప్పితే మూడేసి వరసలు పోతున్నాయి. రెండు రోజులు ఇంటర్నెట్‌లో వెతికాను. చక్రం ఒక మెట్టు తిరిగితే పైబాణం కీ ఒకసారి నొక్కినట్టు చేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి దొరికింది. నాలుగు లైన్లు నా చేత్తో రాసి పెట్టాలి. మూడుసార్లు తప్పు రాశాను, నాలుగోసారి కుదిరింది. తెర మీద కదలికలన్నీ ఆపేశాను. కిటికీ మూస్తే చటుక్కున పోతుంది, పొగ లేదు. ఇప్పుడు మెట్టుకు వరస, వేలు ఆగితే తెర ఆగుతుంది. రెండు రోజులుగా నేస్తున్నాం, ఒక్క వరస పోలేదు.

మధ్యలో ఒక తమాషా. మొదటి రోజు ఫైలు తెరిస్తే గళ్ళు అడ్డంగా సాగి, మామిడి పింద గుమ్మడికాయలా కనబడింది. రమాకాంత్ సంబరపడిపోయి "డిజైన్ ఖరాబైంది" అని అందరినీ పిలిచాడు. గడి సాగినా గళ్ళ లెక్క మారదు, మగ్గానికి కావలసింది లెక్క అని చెప్పాను. గళ్ళ వెడల్పు సరిచేయడానికి నాకు అర నిమిషం పట్టింది. వాడి ముఖం సరికావడానికి ఇంకా టైమ్ పట్టేట్టుంది.

ఇప్పుడు కొత్త పాట ఎత్తుకున్నాడు. "మిషన్ నడుస్తాంది, సరే. రేపు ఆగితే ఎవరు జవాబ్దారీ? కంప్యూటర్ చదువుకున్నోల్ల కాగితం ఉండాలె. మీ తమ్మునితోని రాయించుకరా" అన్నాడు. "అట్లనే, మా తమ్ముడు కాగితం రాస్తేనే ఈ మిషన్ నడుస్తది మరి, రాయిస్త పో" అన్నాను. అక్కడున్న ఆడవాళ్ళంతా నవ్వారు.

ఇరవై ఒకటిన మీటింగ్. గుడిలో దండం పెట్టుకోకపోయినా పర్వాలేదు, నా గురించి ఫికర్ పడకు.

అక్క, వాసంతి


హాస్టల్ బడి
17 డిసెంబర్ 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి గుట్ట ఎక్కి ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. మళ్ళీ దిగి వచ్చి ఇది రాస్తున్నాను. చక్రం పని నువ్వు చేసిన పద్ధతి మా పిల్లలకు చెప్పాను. నాకు అది తెలియదని వాళ్ళ ముందే ఒప్పుకున్నాను.

రాయిస్తానని రమాకాంత్‌కు మాట ఇచ్చావు కదా, నన్ను నోరు తెరిచి అడగడానికి నీకు మనసు ఒప్పలేదని అర్థమైంది. నువ్వు ఎప్పుడూ అంతే. అందుకే నువ్వు అడగకముందే రాశాను. నా పేరు, ఉద్యోగం, సంతకం, స్కూలు ముద్ర, అన్నీ పెట్టి రమాకాంత్ పేరునే కవర్లో పెట్టాను. మీటింగ్ లోపల అందాలి కాబట్టి వరంగల్ పోతున్న మా సారుకు చేతికిచ్చాను. ఇది మాత్రం పోస్టులో వేస్తున్నాను.

ఇక నీ కుర్చీని ఎవరూ కదపలేరు. మొన్నటి రెండు వరసల పాపం కొంత కడుక్కున్నట్టే అనుకుంటాను.

నీ తమ్ముడు,
బాలరాజు


కొత్తవాడ
22 డిసెంబర్ 2025

బాలరాజూ,

నీ పోస్టు ఉత్తరం ఈ రోజు పొద్దున అందింది. రమాకాంత్‌తో నేను వెటకారానికి అన్న మాటను నిజమనుకున్నావని అది చూశాకే తెలిసింది. నీ కాగితం నిన్ననే అందింది. మధ్యలో నాకు ఒక రాత్రి నిద్ర లేకుండా పోయింది, కాబట్టి జరిగినదంతా వరసగా రాస్తాను. వరస దాటకుండా చదువు.

మీటింగ్‌కు డెబ్బై మంది దాకా వచ్చారు. రమాకాంత్ నూలు కుప్ప ఫోటో చూపించి కంపెనీ సంగతి ఎత్తాడు. నేను లేచి మాట్లాడబోయాను. అంతలో వాడే జేబులోంచి ఒక కవరు తీసి, "జర ఆగు అక్కా, నీకు మంచి కబురే" అని విప్పి పెద్దగా చదివాడు. "సొసైటీ కంప్యూటర్‌లో కొత్త సిస్టమ్ నేనే ఎక్కించాను. పరీక్షించి చూశాను. ఏ లోపం వచ్చినా పూర్తి బాధ్యత నాదే." కింద నీ పేరు, నీ ముద్ర.

చప్పట్లు కొట్టారు తమ్ముడూ. వెనక నుంచి ఎవరో, "గట్లైతే ఫికరే లేదు, సార్ ఉన్నడు గదా, వాసంతక్కనే చేసుకోనీయిండ్రి" అన్నారు. రమాకాంత్ తీర్మానం వెనక్కి తీసుకుంటానన్నాడు. నా కుర్చీ నాకు వచ్చేసింది. కూర్చుంటే చాలు. ఎవరూ ఏమీ అనరు.

నేను కూర్చోలేకపోయాను. నాలుగు రోజులు గంట గంటా కూర్చుని ఎంచింది నేను. నాలుగు లైన్ల కోసం రెండు రోజులు కళ్ళు మండేదాకా వెతికింది నేను. డెబ్బై మంది ముందు అది నీదైపోయింది, అదీ నువ్వు నన్ను ప్రేమించి చేసిన పని. నువ్వు వాడి పక్షాన నిలబడినా నాకు అంత నొప్పి ఉండేది కాదు.

"గది అబద్ధం" అన్నాను.

"మా తమ్ముడు మంచోడు. నా మీద ప్రేమతోని, పావురంతోని రాసిండు. గానీ ఆయన ఈ మిషన్‌ను ముట్టలే. ఎక్కిచ్చింది నేను" అన్నాను. రమాకాంత్ నవ్వి, "సార్ సంతకం పెట్టి అబద్ధం రాస్తడా అక్కా? పోనీ తియ్యి, ఎవరైతేంది, పని అయింది" అన్నాడు. ఎవరైతేంది అన్న ఆ మాట దగ్గర నాకు తెగింపు వచ్చింది.

పోయి మిషన్ ముందు కూర్చున్నాను. నా సంచిలోంచి ఎర్రపోగు పెన్ డ్రైవ్ తీసి పెట్టాను. ఫైళ్ళు రెండు చోట్ల దాచే ఉన్నాయి, నువ్వు చెప్పినట్టే, అది మాత్రం నీ మాటే విన్నాను. 'డిస్క్ మొత్తం చెరిపేయమంటారా?' అని తెర మీద అడిగింది. అందరికీ వినబడేలా చదివి, 'అవును' నొక్కాను.

"అయ్యో, పొయింది! మొత్తం పొయింది!" అని రమాకాంత్ లేచి నిలబడ్డాడు. చిలుకమ్మ వాడి చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "ఆమె చేస్తాంది గదా, చూడరాదు" అంది. ముప్పావుగంట పట్టింది. అందరూ చాయ్ తాగారు, ఒక్కరూ బయటికి పోలేదు. ఎక్కింది. ఫోన్ నుంచి నెట్ ఇచ్చి చక్రం ప్రోగ్రామ్ తెచ్చాను. ఆ నాలుగు లైన్లు ఈసారి చూడకుండా రాశాను, మొదటిసారికే కుదిరాయి. ఫైలు తెరిచి గళ్ళు సరిచేశాను. తెరను మగ్గం ముందుకు జరిపాం. చిలుకమ్మ ఎక్కి కూర్చుని చదివింది, పక్కామె నేసింది. ముప్పై వరసలు. వెనక నిలబడి చూస్తున్న డెబ్బై మందీ ఆమెతో పాటు లెక్కపెట్టారు. ముప్పై అంటే ముప్పై.

రమాకాంత్ చాలాసేపు ఆ నేత మీద చెయ్యి పెట్టి చూశాడు. వాడు కూడా మగ్గం ఇంట్లో పుట్టినవాడే కదా, వేళ్ళు అబద్ధం చెప్పవు. తర్వాత, "గంతా మంచిగనే ఉంది అక్కా. గానీ ఫైల్ల పెట్టనీకి కాగితమైతే కావాలె గదా" అన్నాడు, ఈసారి కొంచెం మెల్లగా.

కాగితం ఉంది కదా అన్నాను. నీ కాగితమే తీసుకున్నాను. నువ్వు రాసిన మాటల్లో ఒక్క అక్షరం మార్చలేదు. "ఎక్కించాను, పరీక్షించి చూశాను, ఏ లోపం వచ్చినా పూర్తి బాధ్యత నాదే." మంచి మాటలే, నాకు సరిగ్గా సరిపోయాయి. నీ పేరు, ముద్ర, సంతకం కొట్టేసి, కింద నా సంతకం పెట్టి ఇచ్చాను.

అక్క,
వాసంతి